బాలు గారి రెండో కొలువు

శ్రీరామనవమికి రామాలయం ముందు చలువ పందిరి వేశారంటే మైకుసెట్టు వాడు తెల్లవారుజామునే దిగేవాడు. పందిరి గుంజకు ఒక బాకా, వేపచెట్టు కొమ్మకు ఒక బాకా కట్టి రికార్డు పెట్టేవాడు. ముందు ఘంటసాల వారి పాట. అది అయ్యాక ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారి పాట. మడిలో కలుపు తీసే ఆడవాళ్లకు, కాలవ గట్టున గేదెలు తోలే పిల్లలకు ఆ గొంతు అలాగే చెవిన పడింది. సినిమా హాలు గుమ్మం తొక్కని ముసలమ్మలకు కూడా ఆ గొంతు తెలుసు. "మన నెల్లూరు పిల్లోడే" అని చెప్పుకుని మురిసిపోని ఊరు మన జిల్లాలో లేదు.

ఆయన 2020 సెప్టెంబరు 25న చెన్నై ఆస్పత్రిలో కన్నుమూశారు. ఏటా ఆ రోజు వచ్చినా, జూన్ 4న పుట్టినరోజు వచ్చినా పటానికి దండ వేస్తున్నాం. పాటలు పెడుతున్నాం. నలుగురు పెద్దలు నాలుగు మాటలు చెబుతున్నారు. ఇంటికి పోతున్నాం. ఈ దండల మధ్య ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడిపోతున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బాలు గారు జీవితంలో రెండు కొలువులు చేశారు. మొదటిది పాడటం. అది లోకానికంతటికీ తెలుసు. రెండోది యాభయ్యో ఏట టెలివిజన్ తెర మీద నిలబడి పిల్లల చేత పాడించడం. మన పల్లెలకు పనికొచ్చే పాఠం మొదటి కొలువులో కంటే రెండో కొలువులోనే ఎక్కువగా ఉంది. పాడే గొంతు దేవుడిచ్చినది. అది అందరికీ రాదు. పాడించే పద్ధతి మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. మనం నేర్చుకోలేదు. అదే ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం.

రెండో బహుమతి వచ్చిన కుర్రవాడు

బాలు గారు 1946 జూన్ 4న పుట్టారు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. తల్లి శకుంతలమ్మ గారు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఇల్లు. పెద్ద సంసారం. కొడుకు ఇంజనీరు కావాలని తండ్రి కోరిక. కుర్రవాడు అనంతపురం ఇంజనీరింగు కాలేజీలో చేరాడు గానీ, టైఫాయిడ్ జ్వరం వచ్చి ఆ చదువు ఆగిపోయింది. ఆ తర్వాత మద్రాసు చేరి ఏ.ఎం.ఐ.ఇ. చదువు మొదలుపెట్టాడు. ఒక పక్క చదువు, మరో పక్క పాటల పోటీలు.

గూడూరులో జరిగిన ఒక పోటీ ముచ్చటను బాలు గారే పలు సందర్భాల్లో చెప్పుకున్నారు. ఆ పోటీలో ఆయనకు వచ్చింది రెండో బహుమతి. అతిథిగా వచ్చిన గాయని ఎస్.జానకి గారు, ఈ అబ్బాయికి మొదటి బహుమతి రావలసింది అన్నారట. సినిమాల్లో పాడటానికి ప్రయత్నం చెయ్యమని కూడా చెప్పారట. అప్పటికి ఆయన శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవాడు కాదు. తన మీద తనకే నమ్మకం లేని వయసు. అలాంటి కుర్రవాడికి పేరున్న గాయని నోట వచ్చిన ఆ ఒక్క మాట ఎంత బలమిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ నడిపిన పోటీలో మొదటి బహుమతి వచ్చింది. సంగీత దర్శకులు ఎస్.పి.కోదండపాణి గారు ఆయన గొంతు విని చేరదీశారు. 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రానికి కోదండపాణి గారే తొలి పాట పాడించారు. ఆ మేలును బాలు గారు చివరిదాకా మరవలేదు. తర్వాత తాను కట్టుకున్న రికార్డింగు థియేటరుకు ఆ గురువు గారి పేరే పెట్టుకున్నారు.

ఈ కథంతా పాతదే. మళ్లీ ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, బాలు గారి దారి మొదలైంది పాటల పోటీలో. ఒక పోటీలో ఒక పెద్దావిడ మంచి మాట చెప్పింది. మరో పోటీ తర్వాత ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని నడిపించాడు. ముప్పై ఏళ్ల తర్వాత తానే పోటీ నడిపే పెద్దమనిషి అయినప్పుడు ఆయన ఆ రెండు పనులే చేశారు.

వెలుగు తగ్గి టీవీకి పోలేదు

సినిమాలో అవకాశాలు తగ్గిన వాళ్లే టీవీకి పోతారని ఒక మాట లోకంలో ఉంది. బాలు గారి విషయంలో ఆ మాట చెల్లదు. లెక్క చూసుకుందాం. ఆయనకు ఆరుసార్లు జాతీయ అవార్డు వచ్చింది. తెలుగులో మూడు. 1979 సంవత్సరానికి 'శంకరాభరణం', 1983కు 'సాగర సంగమం', 1988కు 'రుద్రవీణ'. హిందీలో 1981కి 'ఏక్ దూజే కే లియే'. కన్నడంలో 1995కు 'సంగీత సాగర గానయోగి పంచాక్షర గవాయి'. తమిళంలో 1996కు 'మిన్సార కనవు'. చివరి రెండు అవార్డులు వచ్చిన సంవత్సరాలు గమనించండి. ఆయన ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలుపెట్టింది కూడా 1996లోనే. గొంతు ఇంకా శిఖరం మీద ఉన్నప్పుడే ఆయన పిల్లల మధ్యకు దిగివచ్చారన్నమాట.

ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది. ఊళ్లలోకి అప్పుడప్పుడే కేబుల్ తీగలు పాకుతున్నాయి. వీధికి ఒకటో రెండో టీవీలు. టీవీ ఉన్న ఇంటి వరండా నిండా జనం. పిల్లలు ముందు నేల మీద, ఆడవాళ్లు గడప దగ్గర, మగవాళ్లు అరుగు మీద. ఆ పెట్టెలో బాలు గారు కనిపించేవారు. అంతకు ముందు చాలామందికి ఆయన గొంతు తెలుసు గానీ మనిషి తెలియదు. సినిమాలో పాడేవారి బతుకే అంత. పెదవులు కదిపేది ఒకరు, పాడేది ఒకరు. ముప్పై ఏళ్లు ఎక్కువగా తెర వెనుకే ఉండి ఇలా ఇంటింటా ముఖం చూపించే అవకాశం వచ్చిన గాయకుడు ఏం చేస్తాడు? తన పాటలే పాడుకుంటాడు. తన గొప్పలే చెప్పుకుంటాడు. బాలు గారు అలా చేయలేదు. పదేళ్లు పన్నెండేళ్ల పిల్లను మైకు ముందు నిలబెట్టి తాను పక్కకు తప్పుకున్నారు.

ఆ కార్యక్రమం పేరు 1964 నాటి 'మూగమనసులు' చిత్రంలోని పాటది. రాసినది ఆత్రేయ గారు, బాణీ కట్టినది కె.వి.మహదేవన్ గారు, పాడినది ఘంటసాల వారు. తన కార్యక్రమానికి తన పాట పేరు కాక తనకంటే ముందు తరం గాయకుడి పాట పేరు ఉండటాన్ని ఆయన గౌరవంగా భావించారే తప్ప లోటుగా తలచలేదు.

టీవీలో హరికథ

బాలు గారి వ్యాఖ్యానంలో అంత రుచి ఎక్కడి నుంచి వచ్చింది? చాలామంది ఆయన చదువు అంటారు, అనుభవం అంటారు. ఈ వ్యాసకర్తకు తోచినది వేరు. అది తండ్రి గారి ఆస్తి.

హరికథ విన్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. దాసు గారు కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు పట్టుకుని నిలబడతాడు. ఒక కీర్తన ఎత్తుకుంటాడు. నడుమ ఆపుతాడు. ఆ మాటకు అర్థం చెబుతాడు. ఒక పిట్టకథ విప్పుతాడు. జనాన్ని నవ్విస్తాడు. మరుక్షణం కళ్లనీళ్లు పెట్టిస్తాడు. ఆ తడి ఆరకముందే మళ్లీ పాట అందుకుంటాడు. అక్షరం రాని వాడు కూడా అర్ధరాత్రి దాకా కదలకుండా కూర్చుని, తెల్లవారి పొలంలో ఆ కథ పదిమందికి చెప్పేవాడు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు తీర్చిదిద్దిన ఆ కళ పల్లె పల్లెకూ అలా పాకింది.

ఇప్పుడు 'పాడుతా తీయగా'లో బాలు గారిని తలచుకోండి. పిల్ల ఒక పాట పాడుతుంది. అయ్యాక ఆయన అందుకుంటారు. ఈ పాట ఏ సినిమాలోది, ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు, ఏ రాగం ఛాయ ఉంది, రికార్డు చేసిన రోజు ఏం జరిగింది అని చెబుతారు. ఒక చమత్కారం విసురుతారు. ఒక పెద్దాయనను తలచుకుని గొంతు బొంగురు పోతారు. ఒక చరణం తాను పాడి చూపిస్తారు. మళ్లీ పిల్లవైపు తిరుగుతారు. ఇది హరికథ కాక మరేమిటి? గజ్జెలు లేవు, చిడతలు లేవు. పద్ధతి అదే. సాంబమూర్తి గారి కొడుకు తండ్రి వృత్తి వదిలి సినిమాకు పోయాడని అనుకున్నాం. యాభయ్యో ఏట ఆ వృత్తిలోకే తిరిగి వచ్చాడు. తండ్రి చెప్పినప్పుడు వినేవాళ్లు ఒక పందిరి కిందికి వచ్చేవారు. కొడుకు చెప్పినప్పుడు రాష్ట్రమంతా ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని విన్నారు.

పేరు చెప్పడం, తప్పు దిద్దడం

ఆ కొలువులో ఆయన పాటించిన పద్ధతులు రెండు. వీటిని వేరుగా చూడాలి.

మొదటిది, పేరు చెప్పడం. మన ఊళ్లో ఒక పాటను ఎలా చెబుతాం? "రామారావు పాట", "నాగేశ్వరరావు పాట" అంటాం. రాసినవాడు ఎవడో, బాణీ కట్టినవాడు ఎవడో మనకు పట్టదు. పొలం దున్నిన రైతు పేరు లేకుండా బియ్యం బస్తా మీద మిల్లు పేరు ఒక్కటే ఉన్నట్టు. ఆ అన్యాయం ఏమిటో నెల్లూరు జిల్లా రైతుకు వేరే చెప్పాలా? మొలగొలుకులు పండించిన వాడి పేరు ఏ సంచి మీదా ఉండదు. బాలు గారు ఆ పద్ధతి మార్చారు. పాట పాడబోయే పిల్ల నోటితోనే రాసినవారి పేరు, స్వరపరచినవారి పేరు చెప్పించారు. పెండ్యాల, సాలూరి రాజేశ్వరరావు, మాస్టర్ వేణు, ఆరుద్ర, దాశరథి, సముద్రాల లాంటి పేర్లు పాటలతో పాటు పల్లెటూరి పిల్లల నోట పలికాయంటే అది చాలా వరకు ఈ కార్యక్రమం చలవే.

రెండోది, తప్పు దిద్దడం. ఇది మరీ కష్టమైన పని. శ, ష, స తేడా లేకుండా పలికినా, ల, ళ కలిపేసినా, ఒత్తు వదిలేసినా ఆయన ఊరుకునేవారు కాదు. శ్రుతి జారితే జారిందని చెప్పేవారు. బాగా లేనిదాన్ని బాగుందనేవారు కాదు. అయినా ఆ పిల్ల ఏడుస్తూ వేదిక దిగేది కాదు. ఎందుకంటే ఆయన తప్పు ఒక్కటీ చూపించి వదిలేయకుండా, ముందు ఒప్పు చెప్పేవారు. తర్వాత తప్పు చెప్పేవారు. ఆ తర్వాత అది ఎలా పాడాలో తానే పాడి చూపేవారు. పైగా "నేనూ ఒకప్పుడు ఇలాంటి తప్పే చేశాను" అని చెప్పుకోవడానికి ఆయనకు నామోషీ ఉండేది కాదు. అంతటి వాడే తప్పు చేశానంటే పిల్లకు ధైర్యం రాదా?

ఆ మాట కూడా ఊరికే చెప్పినది కాదు. 'శంకరాభరణం' పాటలు తన దగ్గరకు వచ్చినప్పుడు, శాస్త్రీయ సంగీతం నేర్చుకోని తాను వాటికి చాలనని ఆయన భయపడ్డారు. మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు ఓపికగా కూర్చుని నేర్పించారు. నేర్చుకునేవాడి భయం ఎలా ఉంటుందో, నేర్పేవాడి ఓపిక ఏమి చేయగలదో ఆయన స్వయంగా అనుభవించినవారు. ఆ ఓపికనే పిల్లల దగ్గర చూపించారు. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ లాంటి వారు ఆ వేదిక మీద పాడి, తర్వాత సినిమా గాయకులయ్యారు. కాకపోయిన వందలమంది కూడా నష్టపోయిందేమీ లేదు. తెలుగు సరిగా పలకడం నేర్చుకుని ఇంటికి వెళ్లారు.

పరాయి దేశంలో జరిగినది

గాయకులు టీవీ వ్యాఖ్యాతలు కావడం ఒక్క మన దేశంలోనే జరగలేదు. ఇంగ్లాండులో సిల్లా బ్లాక్ అనే గాయని ఉండేది. లివర్‌పూల్ ఊరి పిల్ల. 1943లో పుట్టింది. ఆ ఊళ్లో బీటిల్స్ కుర్రాళ్లు పాడే కావెర్న్ క్లబ్బులో జనం కోట్లు భద్రపరిచే పని చేసేది. బీటిల్స్‌కు మేనేజరైన బ్రియాన్ ఎప్‌స్టీన్ ఆమె చేత పాడించాడు. 1964లో ఆమె పాటలు రెండు ఆ దేశపు పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కాయి. 1968లో బీబీసీ ఆమె పేరుతోనే టీవీ కార్యక్రమం పెట్టింది. 1985 నుంచి 2003 దాకా ఆమె నడిపిన 'బ్లైండ్ డేట్' కార్యక్రమం ఆ దేశంలో ఇంటింటా చూశారు. ముక్కూ ముఖం చూసుకోకుండా ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మాటలతోనే జోడీని ఎంచుకోవడం అందులోని ఆట. మాటకారితనంతో, తన ఊరి యాసతో ఆమె అందరికీ ఆప్తురాలైంది. 2015 ఆగస్టు 1న చనిపోయింది.

ఆమెను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. కూలిపని చేసే కుటుంబంలో పుట్టి అంత ఎత్తుకు ఎదగడం చిన్న సంగతి కాదు. ఒక్క తేడా మాత్రం గమనించదగ్గది. అక్కడ గాయని టీవీకి రాగానే పాట వెనక్కి పోయింది, మాట ముందుకు వచ్చింది. కొత్త తరం ఆమెను పాడే మనిషిగా కంటే జోడీలు కుదిర్చే మనిషిగానే ఎక్కువ ఎరిగింది. ఇక్కడ గాయకుడు టీవీకి వచ్చినా పాట నడుమనే ఉంది. మాట దాని చుట్టూ తిరిగింది. టీవీ ఎవరినైనా తన దారికి లాక్కుంటుందంటారు. బాలు గారు టీవీనే పాట దారికి తెచ్చారు. అందుకే ఆ కార్యక్రమాన్ని తాత, కొడుకు, మనవరాలు ఒకేచోట కూర్చుని చూడగలిగారు. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలతో కూడా ఒక విడత నడిపారు. అమ్మానాన్నల భాష సరిగా రాని పిల్లలు ఆ భాషలో పాట నేర్చుకుని వచ్చి పాడారు.

వేలెత్తి చూపేవారి మాట

అన్నీ మంచే చెబితే అది అభిప్రాయం కాదు, భజన. కాబట్టి రెండో వైపు కూడా చూద్దాం.

ఆ కార్యక్రమంలో సినిమా పాటకే పెద్దపీట వేశారని, జానపదానికి, పల్లె పాటకు చోటు తక్కువైందని కొందరి ఫిర్యాదు. అందులో నిజముంది. నాట్ల పాట, ఊయల పాట, గొబ్బి పాట పాడే మన ఊరి పెద్దమ్మలకు ఆ వేదిక మీద చోటు దొరకలేదు. ఇంకొకటి, ఆ పోటీని చూసి పిల్లల మీద ఒత్తిడి పెంచిన తల్లిదండ్రులూ ఉన్నారు. పాట పిల్లకు ఇష్టమా అని అడగకుండా బహుమతి కోసం తోమడం మొదలైంది. ఇంకా తర్వాత అన్ని ఛానళ్లలోనూ పాటల పోటీలు పుట్టుకొచ్చాయి. వాటిలో కొన్నింట్లో పాట తక్కువ, ఏడుపులు ఎక్కువ. తీర్పరుల కేకలు, ఫోను ఓట్లు, రంగురంగుల దీపాలు. వీటన్నిటికీ మొదటి దారి వేసింది బాలు గారే కదా అని అనేవారు ఉన్నారు.

దారి వేసినవాడిది తప్పా, ఆ దారిన బండి అడ్డంగా తోలినవాడిది తప్పా? బాలు గారి దగ్గర పిల్లవాడి పాటను తూచేవారు సంగీతం, సాహిత్యం తెలిసిన పెద్దలు. ఓడిన పిల్లకు కూడా ఏం నేర్చుకోవాలో చెప్పి పంపేవారు. తర్వాత వచ్చినవారు ఆయన పోటీని తీసుకున్నారు, ఆయన ఓపికను తీసుకోలేదు. అయితే టీవీ వాళ్లను అని మనకు ఒరిగేదేమీ లేదు. వాళ్ల సంగతి అలా ఉంచి మన సంగతి చూసుకుందాం.

మన ఊళ్లో ఏం జరుగుతోంది?

ఒక ఆగస్టు 15న ఒక పల్లెబడిలో జెండా వందనం అయ్యాక తొమ్మిదో తరగతి పిల్ల ఒక దేశభక్తి గీతం పాడింది. గొంతు గంటలా ఉంది. రెండు చోట్ల మాట తప్పింది. ఒక చోట శ్రుతి పైకి పోయి అందక ఆగింది. వెనుక వరుసలో మగపిల్లలు పకపక నవ్వారు. ముందు వరుసలో పెద్దలు చప్పట్లు కొట్టారు. చాక్లెట్లు పంచారు. సభ ముగిసింది. ఆ పాట ఎవరు రాశారో ఎవరూ ఆ పిల్లను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నీ గొంతు బాగుందమ్మా, ఇంకొంచెం కింది శ్రుతిలో ఎత్తుకో అని ఒక్కరూ అనలేదు. మరుసటి ఏడాది ఆ పిల్ల పాడటానికి ముందుకు రాలేదు. పాడవేమమ్మా అంటే తల వంచుకుని నవ్వింది. ఆనాడు ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టి చక్కా ఇంటికి వచ్చిన పెద్దమనుషుల్లో ఈ వ్యాసకర్త కూడా ఒకడు.

గూడూరు పోటీలో జానకి గారు కూడా అలాగే చప్పట్లు కొట్టి వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేది? ఆలోచించుకుంటే భయం వేస్తుంది.

సంగీతం పంతులు ఉన్న పల్లెబడి ఈ వ్యాసకర్త ఇంతవరకు చూడలేదు. 2020 నవంబరులో నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు బాలు గారి పేరు పెట్టారు. సంతోషమే. అయితే ఉదయగిరి పక్క పల్లెలో పాడే పిల్లవాడికి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఛార్జీలు పెట్టుకుని రోజూ వచ్చిపోగలడా? ఊళ్లో హరికథలు ఎత్తిపోయాయి. భజన మండళ్లు ముసలివాళ్లతో పాటే పలచబడుతున్నాయి. రామాలయంలో హార్మోనియం పెట్టె అటక మీద ఎలుకల పాలు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. అందులో కావలసినన్ని పాటలు ఉన్నాయి. వినడానికి కొదవ లేదు. దిద్దేవాళ్లే లేరు. ఫోను పాడుతుంది గానీ, పాడే పిల్ల పాట వినదు కదా!

డబ్బు అక్కరలేని పని

బాలు గారి జ్ఞాపకానికి విగ్రహాలు పెట్టుకోవచ్చు. తప్పు లేదు. కానీ విగ్రహానికి చందా కావాలి, స్థలం కావాలి, అనుమతి కావాలి, ఆ పైన కాకులు వాలకుండా చూసుకోవాలి. అంతకంటే సులువైన పని ఒకటుంది. నెలకు ఒక్క సాయంత్రం, పౌర్ణమి అయితే వెన్నెల కూడా ఉంటుంది, బడి ఆవరణలోనో, రామాలయం ముందో, గ్రంథాలయం మెట్ల మీదో ఊరి పిల్లలను కూర్చోబెట్టి పాడించడం. మసీదు వీధి పిల్లలు, చర్చి వీధి పిల్లలు, దళితవాడ పిల్లలు అందరూ రావాలి. బాలు గారు అన్ని మతాల పాటలూ పాడినవారే. మైకు కూడా అవసరం లేదు. బహుమతులు అసలే వద్దు.

మూడు కట్టుబాట్లు పెట్టుకుంటే చాలు. ఒకటి, పాడే ముందు రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు చెప్పాలి. తెలియకపోతే కనుక్కుని వచ్చే నెల చెప్పాలి. రెండు, పాట అయ్యాక ఒక పెద్ద మనిషి లేచి ముందు ఒప్పు, తర్వాత తప్పు చెప్పాలి. నవ్వే పిల్లలను అదుపులో పెట్టాలి. తెలుగు పంతులు గారు పలుకు దిద్దవచ్చు. కోలాటం గురువు తాళం దిద్దవచ్చు. చర్చిలో కీర్తనలు పాడించే ఆయన శ్రుతి దిద్దవచ్చు. సంగీత విద్వాంసుడే కానక్కరలేదు. మూడు, ప్రతి నెలా ఊరి పెద్దమ్మ ఒకరి చేత పాత పాట ఒకటి పాడించి నోటు పుస్తకంలో రాయించాలి. రాసినవారెవరో తెలియని పాటకు, ఫలానా వారి దగ్గర నేర్చుకున్నాను అని ఆ పెద్దమ్మ చెప్పే పేరైనా రాయాలి. టీవీ వేదిక మీద పల్లె పాటకు చోటు దక్కలేదన్న ఫిర్యాదుకు మనం చెప్పగల సమాధానం ఇదే. వేదిక మనదైనప్పుడు చోటు ఇవ్వకపోతే అప్పుడు తప్పు ఎవరిది?

ఎవరు చేస్తారు అని అడగవచ్చు. పంచాయతీ చేయాలా, బడి చేయాలా, యువజన సంఘం చేయాలా? ఎవరో చేస్తారని కూర్చుంటే ఎవరూ చేయరు. పింఛను పుచ్చుకుని ఊళ్లో ఉంటున్న పంతుళ్లు ఉన్నారు. సాయంత్రం అరుగు మీద రాజకీయాలు మాట్లాడుకునే మనమంతా ఉన్నాం. నెలకు రెండు గంటలు ఇవ్వలేమా?

బాలు గారు బతికి ఉండగానే, 2020 ఫిబ్రవరిలో, తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి మఠానికి అప్పగించారు. తాను పెరిగిన చోట నలుగురు పిల్లలు కూర్చుని నేర్చుకోవాలన్నది ఆయన కోరిక. నేర్చుకునే పిల్లలున్న చోటే తన పేరు నిలుస్తుందని ఆయనకు తెలుసు. ఆయన కన్నుమూశాక 'పాడుతా తీయగా'ను కుమారుడు చరణ్ గారు అందుకున్నారు. అంటే ఆ కొలువు ఆయనతో పోలేదు. కాకపోతే దాన్ని ఒక్క టీవీకే వదిలేశాం.

ఈసారి జూన్ 4న పటానికి దండ వేసేటప్పుడు ఊళ్లో పాడే పిల్ల ఎవరో కనుక్కోండి. పిలిచి పాడించండి. పాట ఎవరు రాశారో అడగండి. తప్పు పలికితే దిద్దండి. ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు పదో తరగతిలో ఉంది. ఈ వ్యాసకర్త ముందుగా వెళ్లవలసింది ఆ పిల్ల ఇంటికే.